రెండు రంగుల గోళ్లు

ఉదయం ఆరున్నర.

మంచం మీద గోడవైపు తిరిగి ఉంది శవం. బస్ టికెట్ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి. ఒంటిమీద గాయం లేదు.

"ఆ ఫార్మసీవాడే చంపాడమ్మా నా బిడ్డని," అంది తల్లి, మందుల డబ్బా ఇన్‌స్పెక్టర్ చేతిలో పెడుతూ.

చనిపోయిన అమ్మాయికీ, ఆమె తమ్ముడికీ సికిల్ సెల్ జబ్బు. రక్తకణాలు కొడవలిలా వంగి నాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడొచ్చే నొప్పి పగవాడికి కూడా వద్దు. అది మాటిమాటికీ రాకుండా రోజూ హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ మింగాలి. ఇద్దరికీ ఆస్పత్రి ఫార్మసీ నుంచే వస్తుంది.

మధ్యాహ్నం పోస్ట్‌మార్టమ్ అయింది. ఊపిరితిత్తుల నాళాల్లో ఆ వంగిన కణాలే అడ్డుపడ్డాయి. విషం లేదు. సాయంత్రం ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. డబ్బాలోని క్యాప్సూళ్లలో ఉన్నది పంచదార పొడి.

ఎస్సై వెంటనే ఫార్మసిస్టుని లాక్కొచ్చాడు. దొరికినవాడే దొంగ అన్న సూత్రం మీద నడిచే డిపార్ట్‌మెంట్ అది.

"నకిలీ సరుకు ఎక్కడిది?"

"నకిలీ కాదు సార్. మూణ్ణెల్లుగా స్టాక్ సగమే వస్తోంది. ఆ ఇంటికి ఒక్కరికి సరిపడా డబ్బానే ఇస్తున్నాను."

"మరి ఆ ఇంట్లో ఉన్న రెండో డబ్బా ఆకాశం నుంచి ఊడిపడిందా?" ఎస్సై నవ్వాడు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. మార్చురీకి వెళ్లి శవం చేతులు ఇంకోసారి చూసింది. రాత్రి ఏడు గంటలకి ఫార్మసిస్టుతో సహా అందరినీ ఆ ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టింది.

"చేతులు చూపించు బాబూ," అంది తమ్ముడితో.

అతని గోళ్ల మీద మొదలు నుంచి కొస దాకా నల్లటి చారలు.

"ఈ మందు వాడితే కొందరికి గోళ్లు ఇలా నల్లబడతాయి. మీ అక్కవీ నల్లబడ్డాయి, కానీ కొసల్లోనే. మొదళ్లలో చార లేదు. సగం గోరు పెరగడానికి సుమారు మూణ్ణెల్లు. అంటే అప్పట్నుంచీ ఆమెకి మందు పడలేదు, నీకు పడింది. ఈ ఫార్మసిస్టు చెప్పింది నిజం. డబ్బా ఒక్కటే వచ్చింది." తల్లివైపు తిరిగింది. "ఖాళీ క్యాప్సూళ్లు కొని పంచదార నింపింది మీరే కదమ్మా?"

తల్లి తలూపింది.

"ఇద్దరు పిల్లలు, ఒక్కరి మందు. మీరైతే ఎవరికిస్తారు? నొప్పొస్తే వీడు వీధంతా వినేలా అరుస్తాడు. అది ఒక్కనాడూ అరవలేదు. ఓర్చుకుంటుందనుకున్నా. తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటుందని పంచదార పోశా."

"అక్క దిండు కొరుక్కునేదమ్మా," అన్నాడు తమ్ముడు. "నీ నిద్ర చెడుతుందని."

తల్లి అప్పుడు ఏడ్చింది. పొద్దున్నుంచీ పట్టి ఉంచిందంతా ఏడ్చింది.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. స్టాక్ సగానికి కోసిన పెద్దమనిషి మీద ఏ స్టేషన్‌లోనూ కేసు రాయరు. రాయాల్సింది ఈ తల్లి మీద.

జీపెక్కే ముందు తల్లి ఆగింది. లోపలికెళ్లి గ్లాసు నీళ్లు, ఒక క్యాప్సూల్ తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

అతను దానివైపు చాలాసేపు చూశాడు. విసిరికొడతాడనే అనుకుంది ఇన్‌స్పెక్టర్.

మింగాడు. ఆ నొప్పి ఎలా ఉంటుందో అక్కడున్నవాళ్లలో తెలిసింది అతనొక్కడికే.