చదివి పెట్టిన సంతకం

ఉదయం ఏడయ్యేసరికి బెంగాల్ రేవు పక్కన గార్డెన్ రీచ్‌లోని ఆ తెలుగువాళ్ల బస్తీలో కుళాయి దగ్గర గోల సద్దుమణిగింది. గురవమ్మ రెండు బిందెలు నీళ్లు పట్టుకొచ్చి, టీ కాచి, కూతురి ముందు చతికిలబడి కాలికి ఇనుప క్యాలిపర్ తొడుగుతోంది. మంగకి మూడేళ్లప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. పదేళ్లుగా ఆ ఊచలూ తోలు పట్టీలూ గురవమ్మ చేతులకి అలవాటే. ఈరోజు మాత్రం పట్టీలకి కొబ్బరినూనె రాసి మరీ మెత్తబరిచింది. మంగ ఎనిమిదో తరగతిలో అడుగుపెట్టే రోజు మరి.

"బిగుతుగా ఉందేటే?"

"లేదమ్మా. బేగి కానీ, బెల్లు కొట్టేస్తారు."

గుమ్మంలో మరమరాలు నములుతున్న మొగుడు అప్పలసూరి తల తిప్పకుండానే అన్నాడు. "ఎందుకే ఆ తొడుగుడు? ఇంక బడికి ఎల్లక్కర్లేదు."

"ఎల్లక్కర్లేకపోడమేటి మావా?"

"పెద్ద మేస్టరు నిన్న పిలిసినాడు. ఎనిమిదో తరగతి రెండో అంతస్తులో ఉందట. పోయినేడు మెట్ల మీద పడి నుదురు పగిలింది గదా? ఇంటికాడే సదువుకుని పరీక్షలకొస్తే సాలన్నాడు. కాగితం ఇచ్చాడు, సంతకం పెట్టినాను."

గురవమ్మ చేయి పట్టీ మీదే ఆగిపోయింది. "ఏటి రాసుందా కాగితంలో?"

అప్పలసూరి విసుక్కున్నాడు. ముప్పై ఏళ్లుగా అతను రేవులో మూటలు దించుతున్నాడు. అక్కడ కూలీల సర్దారు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టడమే మర్యాద. ఇందులో ఏముందని అడిగితే సర్దారుని దొంగ అన్నట్టే. పైగా ఆ హెడ్మాస్టరు కుర్చీ వేసి టీ కూడా ఇచ్చాడాయె!

"నకలు సొక్కా జేబులో ఉంది, సూసుకో," అన్నాడు.

చూసుకోవడానికి గురవమ్మకి అక్షరం రాదు. అప్పలసూరికి వచ్చిందల్లా తన పేరు రాయడమే. కరెంటు బిల్లు దగ్గర్నుంచి మందు చీటీ దాకా ఆ ఇంట్లో చదివిపెట్టేది మంగే. కాగితం ఎప్పటిలాగే దాని చేతికి వెళ్లింది. పిల్ల హిందీలో చూసుకుంటూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"నా కూతురు కుంటిది కావడం వల్ల ఇక చదవజాలదు. అందుచేత నా ఇష్టం మీద ఈరోజుతో బడి మాన్పిస్తున్నాను. ఇందులో బడి బాధ్యత ఏమీ లేదు." తల ఎత్తి తండ్రి వైపు చూసింది. "కింద నీ సంతకం ఉందయ్యా."

అప్పలసూరి నోట్లోని మరమరాలు మింగలేకపోయాడు.

"పిల్లని నీ సేత్తోనే గెంటించేసినాడు గదా!" గురవమ్మ లేచి నిలబడింది. "నన్నొక్క మాట అడగలేకపోనావా? దాన్ని అడగలేకపోనావా?"

"నానేటి దానికి పగోడినా? పడిందన్న కబురొచ్చిన రోజు మూట ఎత్తలేకపోనాను నాను! మల్లీ పడితే? అందుకే పెట్టినాను."

కేకలు పక్కింటిదాకా వినపడ్డాయి. మంగ ఏడవలేదు. పుస్తకాల సంచిలోంచి మడతలు పడ్డ కరపత్రం ఒకటి తీసింది. క్యాలిపర్ అమర్చిన శిబిరంలో ఒక బెంగాలీ దీదీ పంచినది.

"తొంభై ఐదులోనే చట్టం వచ్చిందమ్మా. పద్దెనిమిదేళ్లొచ్చేదాకా నాలాంటోళ్లకి చదువు చెప్పాలట. మెట్లు అడ్డమైతే ఆ అడ్డం తీయాలట. వినకపోతే వికలాంగుల కమిషనర్‌కి రాయొచ్చట."

"చట్టమా? మనకా?" అన్నాడు అప్పలసూరి.

"మనకే," అంది గురవమ్మ. వంగి ఆఖరి పట్టీ బిగించింది. "నడువు మావా. సంతకం పెట్టినోడివి నువ్వే, నువ్వూ రా."

బడిలో హెడ్మాస్టరు ఈసారి కుర్చీ వేయలేదు. అసలు కాగితం బల్ల మీద పెట్టి తట్టి చూపించాడు. "నీ సంతకమే కదా సూరీ? ఇక మాట్లాడేదేముంది?"

అప్పలసూరి కూతురి వైపు చూడలేక నేల చూశాడు. రేవులో నేర్చిన హిందీ కూడగట్టుకున్నాడు. "నాదే. సదవడం రాక పెట్టినాను. తప్పు నాది మాస్టర్‌జీ, దానిది కాదు." ఆ మాట బయటపడ్డాక తల ఎత్తాడు. "ఓడలోంచి దించే పెట్టె బరువైతే గంగలో పారేస్తామేటి? క్రేను తెస్తాం. పిల్ల పైకి ఎక్కలేకపోతే తరగతిని కిందకి దించండి."

"ఒక్క పిల్ల కోసమా?"

"చట్టం ఒక్క పిల్ల కోసం కూడా ఉంది సార్," అంటూ మంగ కరపత్రం విప్పి, ఆ భాగం చదివింది.

హెడ్మాస్టరు మొహం చిట్లించుకుని బయట ఉండమన్నాడు. రెండు గంటలు వరండాలో నిలబడ్డారు. నౌకరు వచ్చి వెళ్లిపొమ్మన్నాడు. "కమిషనర్ ఆపీసుకి ఏ బస్సెల్తాదో సెప్పు దాదా, ఎల్లిపోతాం," అంది గురవమ్మ. అతను లోపలికెళ్లి ఆ మాట చెప్పినట్టున్నాడు. కాసేపటికి కింది గదిలోని ఐదో తరగతి బెంచీలు మెట్లెక్కడం మొదలైంది.

లోపలికి పిలిచి, పాత కాగితం చింపేసి హెడ్మాస్టరు కొత్తది రాశాడు. "ఇక్కడ పెట్టు," అని వేలు చూపించాడు. అప్పలసూరి చేయి అలవాటుకొద్దీ కలం పట్టి ముందుకెళ్లింది. కాగితానికి తగలబోయి ఆగింది.

"సదువమ్మా," అని కాగితం మంగకిచ్చాడు. "నువ్వు సదివినాకే."

"మంగాదేవి ఈ బడిలోనే ఎనిమిదో తరగతి చదువుతుంది. తరగతి గది కింది అంతస్తులో ఉంటుంది." అక్కడిదాకా వచ్చేసరికి, పొద్దుట రాని ఏడుపు ఇప్పుడు ముంచుకొచ్చింది. అక్షరాలు అలుక్కుపోయాయి. అప్పలసూరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "మల్లీ సదువు తల్లీ," అన్నాడు.

హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. "తొందరగా కానివ్వండి!"

"తొందరేటి మాస్టర్‌జీ? సదవనీండి," అంది గురవమ్మ కూతురి భుజం మీద చేయి వేసి. "మా ఇంట్లో సదువొచ్చింది దీనికొక్కదానికే."