మూతేనా, వదినా?

వినోద చేతిలోని గ్రైండర్ ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ లోతుకు దిగింది. ఆ తర్వాత ఆమె ఫోన్‌లో ఒక అబద్ధం చెప్పింది. ఈ రెండింటి మూలంగా ఆమె మరిది హనుమండ్లు జైనూర్ ఘాటులో తన లారీ కిందే పడి చచ్చిపోయాడు. ఊరంతా బ్రేకుల తప్పన్నది. పోలీసులూ అదే రాసుకుని పోయారు. వినోద కాదనలేదు.

హుస్నాబాద్ ఊరి చివర ఒకే ప్రహరీలో రెండిళ్లు. ఒకటి వినోదది. రెండోది హనుమండ్లుది. వెనక ఇద్దరికీ కలిపి ఒక రేకుల షెడ్డు. వినోద డిగ్రీ దాకా చదివింది కానీ బతుకు నడిపే పని నేర్చింది తండ్రి రాజయ్య దగ్గర. ఆయన లారీ మేస్త్రీ. పెళ్లయ్యాక, భర్త సదానందం మస్కట్ పోయాక, ఆ షెడ్డు ఆమెదే అయింది. ఇంజన్ దించి, విప్పి, డీజిల్‌తో కడిగి, అరిగినవి మార్చి మళ్లీ బిగించడంలో ఆమెకు పేరుంది. హెడ్డు గీకడంలో ఇంకా పెద్ద పేరు.

ఇంజన్ నెత్తిన కూర్చునే ఇనుప దిమ్మె హెడ్డు. అందులో గాలి లోపలికొచ్చే దారులు, పొగ బయటికిపోయే దారులు ఉంటాయి. పోతపోసినప్పుడు వాటి గోడలు గరుకుగా మిగిలిపోతాయి. సన్నరాయి పెట్టిన గ్రైండర్‌తో వాటిని గీకి నున్నగా, కొంచెం వెడల్పుగా చేస్తే బండి నిండా ఊపిరి తీసుకుంటుంది, ఎక్కుడులో గుంజుతుంది. కాకపోతే ఆ గోడ వెనకనే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు తిరుగుతుంటాయి. ఎక్కడ ఆగాలో చేతికి తెలిసి ఉండాలి.

హనుమండ్లు వానకాలమంతా జైనూర్ వైపు ఎరువుల బస్తాలు తోలేవాడు. ఘాటు ఎక్కుతుంటే ఆటోలు కూడా తనను దాటిపోతున్నాయని, ఇజ్జత్ పోతున్నదని వదిన వెంటపడ్డాడు. మా అన్నకు చేసిన రొట్టెల కంటే ఊరోళ్లకు గీకిన హెడ్లే ఎక్కువ, నాకొక్కటి గీకితే ఏం పోతుందని ఎగతాళి చేశాడు. ఆమె నవ్వి, హెడ్డు దించింది.

చివరి దారి గీకుతున్నప్పుడు రాయి చప్పుడు మారింది. అప్పటిదాకా బరువుగా ఉన్నది ఒక్కసారిగా కీచుమన్నది. వినోద ఆపేసి లైటు పెట్టి చూసింది. గోడ మీద సూదిమొనంత నల్లచుక్క. అటువైపు నీళ్లదారి.

ఆ హెడ్డు పక్కన పడేయాల్సింది. వినోద చెయ్యి తప్పిందని మరిది ముందు ఒప్పుకోవాల్సింది. ఆమె లోహపు పుట్టీ కలిపి చుక్కను మూసింది. ఆరాక సన్నకాగితంతో రుద్దింది. తన కంటికే ఆనలేదు. హెడ్డు బిగించి ఇచ్చింది. హనుమండ్లు ఊళ్లో రెండు చుట్లు తిప్పి, బండి గుర్రమైందని మురిసిపోయాడు.

తర్వాతి వానల్లో ఒక పొద్దు గూకేముందు ఘాటు నుంచి అతని ఫోన్.

"వదినా, బండి నీళ్లు తాగుతున్నది. ఎక్కడ కారుతలేదు. చూస్తే రేడియేటర్ల చుక్క లేదు."

నీళ్లు బయటికి కారకుండా మాయమవుతున్నాయంటే ఇంజన్ లోపలికే పోతున్నాయని అర్థం. ఎందుకు పోతున్నాయో ఆమెకు ఆ క్షణమే తెలుసు. బండి అక్కడే వదిలేసి ఏదో ఒక వాహనం ఎక్కి రమ్మనాలి. అట్లా అంటే హెడ్డు విప్పుతారు. విప్పితే పుట్టీ కనపడుతుంది.

"రేడియేటర్ మూత వదులైనట్టున్నది," అన్నది. "నీళ్లు పోసుకుంట మెల్లగ రా."

హనుమండ్లు వెనక టైరుకు రాయి పెట్టి, డబ్బా తీసుకుని వాగుకు దిగాడు. అది ఇంజన్ ఆగితే బ్రేకుల్లో గాలి నిలవని పాత బండి. తడిమట్టిలో రాయి జారింది. నిండిన డబ్బాతో అతను వెనకనుంచి ఎక్కివస్తున్నాడు... లారీ కిందనుంచి తీసినవాళ్లు చెప్పారు, డబ్బా అతని చేతిలోనే ఉందని. డబ్బా మూత బిగించే ఉంది. చుక్క కూడా ఒలకలేదు.

పోయినవాడు కాకై వచ్చి తింటాడని పిట్టకు పెట్టిన రోజు అతనికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టారు. మటన్, గుడాలు, కల్లు. చాలాసేపటికి ఒక కాకి వచ్చింది. విస్తరిని దాటి నడిచి, పక్కనున్న గ్లాసులో ముక్కు పెట్టి నీళ్లు తాగి ఎగిరిపోయింది. హనుమండ్లు తల్లి యాదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా కొడుకు దూపతోనే పోయిండు," అన్నది. వినోద తల తిప్పుకుంది.

బండి ఇంటికి చేరింది. హనుమండ్లు భార్య రమ బీడీలు చేస్తుంది. బీడీలతో ఇల్లు నడవదు. తన తమ్ముడు సాగర్ లారీ తోలుతాడనీ, వినోదక్క ఇంజన్ బాగుచేసి ఇస్తే చాలనీ అన్నది. ఇంకొకటి కూడా చెప్పింది. హెడ్డు మాత్రం ఆయన మురిసిపోయిన అదే బిగించాలట.

కొత్త హెడ్డు వెయ్యాలంటే ఎందుకో చెప్పాలి. పాతదే వేస్తే, ఇంకో పిల్లగాడు అదే ఘాటు ఎక్కుతాడు.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. షెడ్డులో కాలిన ఆయిలు వాసన, తడిసిన వేస్టు గుడ్డల వాసన. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. వినోద చార్జింగ్ లైటు దూలానికి వేలాడదీసి, హెడ్డు దించి బల్ల మీద పెట్టింది. పుట్టీ రాలిపోయి ఉంది. నల్లచుక్క ఆమె వైపే చూస్తున్నట్టుంది.

ఆమె చెయ్యి మళ్లీ పుట్టీ డబ్బా మీదికే పోయింది.

ముందు లీకు ఎంతున్నదో చూద్దామని, నీళ్లదారి రంధ్రాలన్నీ రబ్బరు ముక్కలతో మూసి, పైన ఒక్కటి ఉంచి, చెంబుతో నీళ్లు పోసింది. చుక్క దగ్గర తడి కనపడాలి. కనపడలేదు. పైన నిండిన నీళ్లు మాత్రం నెమ్మదిగా కిందికి దిగిపోయాయి. ఇంకో చెంబు పోసింది. దిగిపోయాయి. ఆ దిమ్మెలో పట్టేదే రెండు చెంబులు. వినోద బకెట్టు ఎత్తింది. సగం బకెట్టు పోయింది. వంగి బల్ల కింద చెయ్యి పెట్టి తడిమింది. పొడిగా ఉంది. నేల పొడిగా ఉంది.

బకెట్టు మొత్తం ఖాళీ అయింది.

మేస్త్రీలు ఇంజన్ లోపలి చప్పుడు వినడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ వాడతారు. మొన ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటారు. లోపల ఎక్కడ ఏది కొట్టుకుంటున్నా డాక్టరు గొట్టంలో గుండెలాగా తెలుస్తుంది. తండ్రి ఆమెకు మొదట నేర్పిన పని అదే. అది నడుస్తున్న ఇంజన్‌కు చేసే పని. విప్పి బల్ల మీద పెట్టిన దిమ్మెకు ఎవరూ చెవి పెట్టరు.

వినోద పెట్టింది.

మొదట రేకుల మీది వాన మాత్రమే వినిపించింది, దూరంగా. తర్వాత... గుటక.

కొంచెం ఆగి, ఇంకో గుటక.

ఎక్కుడు ఎక్కి వచ్చిన మనిషి తల పైకెత్తి ఆబగా తాగినట్టు. గుటక... గుటక... తర్వాత ఆగింది. ఊపిరి తీసుకున్న చప్పుడు. పిడి చెవికి చల్లగా తగులుతోంది. తీసేద్దామనుకుంది. చెయ్యి కదల్లేదు.

"మూతేనా... వదినా?"

గొంతు తెలిసిన గొంతే. కోపం లేదు. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడినట్టే, నమ్మకంగా అడిగింది.

వినోద పెదవులు వాటంతటవే కదిలాయి.

"మూతనే," అని గొణిగింది.

అప్పుడు నల్లచుక్కలోంచి ఒక్క బొట్టు ఊరి, జారి, ఆమె మణికట్టు మీద పడింది. సలసల కాగిన నీళ్లు. చర్మం చుర్రుమన్నది. స్క్రూడ్రైవర్ చేజారి నేల మీద గణగణలాడింది.

ఆ చప్పుడుకే రమ వచ్చింది. చేతిలో ఫోన్ లైటు, జుట్టులో తునికాకు నలుసులు.

"హెడ్డు మంచిగున్నదా అక్కా? మీ మరిది దాన్ని చూసుకుని మస్తు మురిసేటోడు."

వినోద మణికట్టును కొంగులో దాచుకుంది.

"పగిలింది రమా. వేడికి. కొత్తది తెస్త."

రమ ఫోన్ లైటు ఆ దిమ్మె మీదికి తిప్పి చూసింది.

"అంటే నీళ్లు చూసుకోలే," అన్నది మెల్లగా. "పాటలు పెట్టుకుంటే బండి మీద ధ్యాస ఉండదని ఎన్నిసార్లు మొత్తుకున్న. తన తప్పుకు తనే పోయిండు. మమ్ముల ఆగం చేసిండు."

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. వినోద కొంగును మణికట్టు చుట్టూ ఇంకా బిగించుకుంది. రమ వెళ్లిపోయింది. ఆమె అడుగుల చప్పుడు వాకిట్లో కలిసిపోయాక, బల్ల మీద, స్క్రూడ్రైవర్ ఏదీ లేకుండానే, ఒక గుటక వినిపించింది.

కరీంనగర్ నుంచి కొత్త హెడ్డు వచ్చింది. వినోద దానికి గ్రైండర్ తాకించలేదు. ప్రతి బోల్టూ తన చేతులతో బిగించింది. పాతదాన్ని గోనెసంచి కప్పి బల్ల కిందికి తోసింది. సాగర్ నెమ్మదస్తుడు. పాటలు పెట్టుకోడు. బయల్దేరేముందు నీళ్లు చూస్తాడు, ఆయిలు చూస్తాడు, వినోదకు దండం పెడతాడు. బండి బాగానే తిరిగింది. వినోద సగం నిజం చెప్పాను కదా అనుకుని తనకు తాను సర్దిచెప్పుకుంది. మణికట్టు మీద కాలిన గాయం మాత్రం మానలేదు.

మళ్లీ ముసురు పట్టింది. సాయంత్రం. రమ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. యాదవ్వ దారం చుడుతోంది. వినోద మెట్టు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. సాగర్.

"అక్కా, బండి నీళ్లు తాగుతున్నది. ఎక్కడ కారుతలేదు."

చాయ్ గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడున్నావని అడిగింది. ఘాటులో మూలమలుపు దగ్గర అన్నాడు. హనుమండ్లు పోయిన ఆ మలుపు ఇంట్లో అందరికీ తెలుసు. వానచప్పుడు అటునుంచీ వినిపిస్తోంది, ఇటునుంచీ వినిపిస్తోంది.

నీళ్లకోసం దిగుదామనుకున్నాడట. దిగే పని లేకుండానే అద్దంలో ఎవరో కనపడుతున్నారట, డబ్బా పట్టుకుని వెనకనుంచి ఎక్కివస్తున్నారట.

"చెయ్యి ఊపుతుండు అక్కా. మనోడే ఎవలో. దిగి అందుకుంట." సాగర్ గొంతు కొంచెం తగ్గింది. "మూత వదులైందంటవా?"

అదే మాట. అదే నమ్మకం.

వినోద లేచి నిలబడింది.

"దిగకు సాగర్. బ్రేకు మీదికెల్లి కాలు తియ్యకు." ఊపిరి అందలేదు. "మూత కాదు."

రమ చేతిలో కత్తెర ఆగింది.

"అప్పుడు గూడ మూత కాదు. హెడ్డుకు తూటు పడ్డది నా చేతులనే. పుట్టీ పెట్టి దాచిన. మరిది ఫోన్ చేసిననాడు నాకు ఎరికే. ఎరికుండే మూత అన్న."

ఫోన్‌లో వాన. ఒక లారీ ఇంజన్ నిలకడగా నడుస్తున్న చప్పుడు. తర్వాత సాగర్, చిన్నగా:

"అక్కా... ఎవలు లేరు. అద్దంల ఎవలు లేరు. వేడి చూపే ముల్లు గూడ కిందికొచ్చింది."

మలుపు దాటేదాకా ఫోన్ పెట్టెయ్యొద్దని వినోద చెప్పింది. అతను దాటాడు. ఆమె ఫోన్ దించి వెనక్కి తిరిగింది. యాదవ్వ దారం చుట్ట నేల మీద దొర్లిపోయి ఉంది. రమ ఏడుస్తుందనుకుంది. అరుస్తుందనుకుంది, మీద పడి కొడుతుందనుకుంది. కొడితే బాగుండేది.

"ఆయన్నే తిట్టుకున్న గదా అక్కా, ఇన్ని దినాలు," అన్నది రమ.

చాటలోని ఆకంతా అరుగు మీదికి జారిపోయింది. ఆమె ఏరుకోలేదు. లోపలికి పోతూ గడప దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా చెప్పింది.

"ఆ హెడ్డు తుక్కుల వెయ్యకు. నీ కండ్ల ముంగటనే ఉండనియ్యి."

వినోదను అక్కా అని ఆమె పిలిచింది అదే ఆఖరు. సదానందానికి కూడా వినోద అంతా చెప్పింది. గ్రైండర్‌ను ఆమె సుత్తెతో పగలగొట్టి తుక్కువాడికి వేసింది. ఇంజన్లు బిగిస్తుంది, హెడ్లు గీకదు. ఎవరైనా తోవ మీదినుంచి ఫోన్ చేసి బండి నీళ్లు తాగుతున్నదంటే, ఆడనే ఆపుమని చెప్పి, ఎంత దూరమైనా తనే పోతుంది.

సాగర్ బండి ఆ తర్వాత ఘాటులో ఎప్పుడూ ఆగలేదు. అందుకు వినోదకు సంతోషమే. పాత హెడ్డు బల్ల కిందే ఉంది. దాని మీది గోనెసంచి ఏ ఎండకాలంలో ముట్టుకున్నా తడిగా ఉంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్‌ను ఆమె రోజూ షెడ్డు మూసేముందు గోడ మేకుకు తగిలిస్తుంది, తాళం వేస్తుంది, తాళంచెవి మెడలో వేసుకుని పడుకుంటుంది. పొద్దున తలుపు తీసేసరికి అది మేకుకు ఉండదు. బల్ల కింద, మొన హెడ్డుకు ఆనించి, పిడి తలుపువైపు తిప్పి, ఎవరో వినమని పట్టుకున్నట్టు నిలబడి ఉంటుంది.

ఒక్కసారి చెవి పెడితే తెలుస్తుంది, అతను ఇంకా ఏమడుగుతున్నాడో. పెట్టొద్దని మొదటిరోజే నిర్ణయించుకుంది. స్క్రూడ్రైవర్ తీసి, తడి పిడిని కొంగుతో తుడిచి, మళ్లీ మేకుకు తగిలించి పనిలో పడుతుంది. ఇప్పటిదాకా చెవి పెట్టలేదు.