బొత్తాల దుకాణం ఎదుటి క్రేను

పొద్దున్న దుకాణం తెరవగానే బొత్తాలమ్మ చేసే మొదటి పని దుమ్ము తుడవడం. ఏడాదిన్నరగా అదే వరస. గోడ పొడవునా చిన్న చిన్న సొరుగులు, వాటిలో బొత్తాలు, హుక్కులు, జిప్పులు. పై అరల్లో దారపు ఉండలు, లేసు చుట్టలు. ఎంత తుడిచినా గంట తిరిగేసరికి అన్నిటి మీదా బూడిదరంగు పొర. కౌంటరు పక్కనే కుట్టుమిషను వేసుకుని కూర్చునే భర్త, వీధిలో అందరికీ దర్జీగారు, ఆ పొర మీద వేలితో కొలతలు రాసి ఆవిణ్ణి ఉడికించేవాడు.

దుమ్మంతా ఎదురు సైటుది. పాత గోదాములు పడగొట్టి అక్కడ పెద్ద మాల్, దాని వెనక నాలుగు టవర్లు కడుతున్నారు. మొదట చెరువు పట్టేంత గొయ్యి తవ్వారు. ఆ గోతిలోంచి ఇనుము లేచింది, ఇనుము చుట్టూ కాంక్రీటు లేచింది, చూస్తూ ఉండగానే మధ్యాహ్నపు ఎండ వీధిలోకి రావడం మానేసింది. ఈలోగా వీధి సగం అమ్ముడుపోయింది. చెప్పుల కొట్టు వెళ్ళిపోయింది, గొడుగులు బాగుచేసే ముసలాయన వెళ్ళిపోయాడు. దుకాణం ఇచ్చేస్తే మాల్ లోపల కింది అంతస్తులో చోటిస్తామని కంపెనీ మనిషి రెండుసార్లు వచ్చి అడిగాడు. గాజుపెట్టెలో కూర్చోడానికి నేనేమన్నా బొమ్మనా అని బొత్తాలమ్మ పంపేసింది. వీధి జనమంతా పనులు మానుకుని నోళ్ళు తెరుచుకుని చూసే ఆ కట్టడాన్ని ఆవిడ ఒక్కతే తలెత్తి చూసేది కాదు.

ఆ సైటులో ఆవిడకు నచ్చింది కూతురి ఉద్యోగం ఒక్కటే. బుజ్జి ఎనిమిది నెలలుగా అక్కడ పనిచేస్తోంది. ఆరింటికల్లా అమ్మ కట్టిచ్చిన ఎర్ర సంచీలో క్యారియరు పెట్టుకుని వెళ్ళిపోతుంది. ఏం పనే అని అడిగితే, అద్దాల గదిలో కుర్చీలో కూర్చుని చేసే పని అనేది. బొత్తాలమ్మ వచ్చిన ప్రతి మనిషికీ ఆ మాటే, ఇంకో రెండు ముక్కలు కలిపి, చెప్పుకునేది.

ఆ మంగళవారం ఒక డాన్సు టీచరు పిల్లల గౌనుల కోసం నలభై మీటర్ల తెల్ల లేసు అడిగింది. బొత్తాలమ్మ దాన్ని కౌంటరు మీద పరిచి కొలుస్తోంది. అదే సమయానికి ఎదురుగా క్రేను దించిన తొట్టె తెరుచుకోవడం, గాలి వీధివైపు తిరగడం ఒక్కసారే జరిగాయి. సిమెంటు పొడి మేఘంలా వచ్చి దుకాణంలో కూర్చుంది. లేసు గోనెపట్ట రంగుకు తిరిగింది. టీచరు మళ్ళీ వస్తానని చెప్పి జారుకుంది.

బొత్తాలమ్మ లేసు చుట్టను చంకన పెట్టుకుని వీధి దాటింది. వద్దు, నేను వెళ్తానని దర్జీగారు ఎన్నడూ లేనంత కంగారుగా వెంటపడ్డాడు. ఆవిడ ఆగలేదు. గేటు దగ్గర సూపర్‌వైజరు దొరికాడు. ఆ యంత్రం తిప్పే మహానుభావుణ్ణి కిందికి పిలవమంది. సూపర్‌వైజరు మర్యాదస్తుడు. గాలిని తిట్టండిగానీ ఆ మనిషిని తిట్టకండమ్మా, ఇన్ని నెలల్లో గోరంత పొరపాటు లేదు అన్నాడు. ఎలాగూ దిగే వేళయిందని పైకి చూపించాడు.

అప్పుడు ఆవిడ మొదటిసారి తల పూర్తిగా ఎత్తింది. మెడ నొప్పెట్టేదాకా ఎత్తినా ఆ స్తంభం ఇంకా మిగిలే ఉంది. చిట్టచివర అగ్గిపెట్టెంత గది. దాని కిందినుంచి చీమంత మనిషి బయటికి వచ్చి నిచ్చెన దిగుతోంది. దిగుతోంది, ఆగుతోంది, మళ్ళీ దిగుతోంది. సగం దూరం వచ్చేసరికి ఆ మనిషి భుజాన వేలాడుతున్న ఎర్ర సంచీ కనిపించింది.

చివరి మెట్టు దిగి బుజ్జి హెల్మెట్ తీసింది. బొత్తాలమ్మ లేసు చుట్ట కూతురి చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది.

సాయంత్రం ముగ్గురూ దుకాణంలోనే ఎదురుపడ్డారు. కంప్యూటరు కోర్సని చెప్పి ఆరు నెలలు తను వెళ్ళింది క్రేను నేర్చుకోవడానికని బుజ్జి ఒప్పుకుంది. ఫీజు కట్టింది తనేనని దర్జీగారు మిషను వైపు చూస్తూ ఒప్పుకున్నాడు.

"అంటే, తెలియనిదాన్ని నేనొక్కదాన్నేనన్నమాట," అంది బొత్తాలమ్మ.

"చెబితే నువ్వు రోజంతా పైకి చూస్తూ కూర్చుంటావమ్మా. నీకు బొత్తానికీ హుక్కుకీ తేడా తెలీకుండా పోతుంది."

"ఆకాశానికి నిచ్చెనలు వెయ్యొద్దని పిల్లలకి చెప్తారు. నువ్వు నిజంగానే వేశావు. రేపట్నుంచి వెళ్ళకు. ఈ కౌంటరు నీది, కూర్చో."

బుజ్జి గొంతు పెంచలేదు. శుక్రవారం మాల్ నడిమధ్య గుండ్రటి ఉక్కు చట్రం ఎక్కించాలని, మూడు నెలలుగా దానికోసమే సిద్ధమవుతున్నానని చెప్పింది. తరవాత మెల్లిగా అంది: "పైన భయం వేయదని అబద్ధం చెప్పనమ్మా. వేస్తుంది. కానీ ఆ పని వచ్చిన చేతులు నావి. ఇంకెవరో చేస్తుంటే కింద నిలబడి చూడలేను."

బొత్తాలమ్మ లేచి లోపలికి వెళ్ళింది. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. అయినా క్యారియరు మాత్రం రోజూ నిండే ఉంది.

శుక్రవారం పొద్దున్నే వీధికి రెండువైపులా తాళ్ళు కట్టేశారు. జనం మేడల మీదికి ఎక్కారు. బొత్తాలమ్మ తను చూడనని భర్తకు చెప్పి సొరుగులు సర్దుతూ కూర్చుంది. బయట మొదట కేకలు, ఈలలు. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. అంతమంది ఉన్న వీధిలో అంత నిశ్శబ్దం ఆవిడెప్పుడూ వినలేదు. భరించలేక బయటికి వచ్చింది.

పద్దెనిమిది టన్నుల ఉక్కు ఆకాశంలో నిలిచి ఉంది. ఇల్లంత వెడల్పు ఉన్న చక్రం, అంచులు ఎండలో మెరుస్తున్నాయి. గాలి లేచి దాన్ని మెల్లిగా తిప్పుతోంది. కింద మనుషులు తాళ్ళు లాగి పట్టుకున్నారు, సూపర్‌వైజరు చేతిలో వైర్‌లెస్ గరగరలాడుతోంది. గాలి తగ్గేదాకా ఆగాలట. పది నిమిషాలు గడిచాయి. ఒకడు అటు లాగమంటాడు, ఒకడు దించెయ్యమంటాడు. పైనున్న మనిషికి మాత్రం ఏ తొందరా లేదు. తన కడుపున పుట్టిన పిల్లలో అంత నిదానం ఎక్కడుందో బొత్తాలమ్మకు తెలియదు.

గాలి పడింది. చక్రం కదిలింది. వేలెడు, ఇంకో వేలెడు. పన్నెండు స్తంభాల మీద పన్నెండు చోట్ల ఒకేసారి కూర్చుంది. చప్పుడు లేదు. ఇంట్లో గ్లాసు పెడితే పక్కింటికి వినబడేలా పెట్టే పిల్ల, అంత ఉక్కును పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టింది.

జనం చప్పట్లు కొడుతున్నారు. దర్జీగారు ఏడుస్తున్నాడు. బొత్తాలమ్మ చేతులు చప్పట్లు కొట్టడానికి కూడా లేవలేదు.

బుజ్జి దిగి రావడానికి చాలాసేపు పట్టింది. గేటు దగ్గర తల్లిని చూసి ఆగిపోయింది. బొత్తాలమ్మ ఆ చేతులు పట్టుకుని చూసింది. వాటిని తన అరచేతుల మధ్య పెట్టుకుని, పైకి తీసుకెళ్ళమని అడిగింది. బుజ్జి సూపర్‌వైజరు వైపు చూసింది. ఆయన మారుమాట్లాడకుండా ఇంకో హెల్మెట్ తెప్పించాడు.

పనివాళ్ళ లిఫ్టు గడగడలాడుతూ పై స్లాబు దాకా వెళ్ళింది. బొత్తాలమ్మ కూతురి భుజం వదలకుండా బయటికి అడుగు పెట్టింది. కింద వాళ్ళ వీధి పుల్లంత ఉంది. సగం పళ్ళు ఊడిన దువ్వెనలా ఉంది. ఇక అది నిలవదని పైనుంచి చూస్తే ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. దాని అవతల ఊరు. ఎక్కడ ఆగుతుందో కనబడని ఊరు. పునాదులు, సగం లేచిన అంతస్తులు, ఎర్రమట్టి గీతల్లా కొత్త రోడ్లు. వాటన్నిటి మధ్యా దూరంగా, ఇంకా దూరంగా, పొగమంచులో కలిసిపోయేదాకా క్రేన్లే.

"ఇక్కణ్ణుంచి పంతొమ్మిది కనిపిస్తాయమ్మా," అంది బుజ్జి.

ప్రతిదాంట్లోనూ ఒక మనిషి ఉంటాడా అని ఆవిడ అడిగింది. ఉంటారని, చాలామంది ముఖాలు తనకు తెలియవని, గాలి లేస్తే మాత్రం ఒకరికొకరు ఫోన్లో కబురు చెప్పుకుంటారని బుజ్జి చెప్పింది. బొత్తాలమ్మ ఒక్కో క్రేనునూ చూస్తూ పోయింది. కొన్ని తిరుగుతున్నాయి, కొన్ని బరువు ఎత్తి పట్టుకుని ఆగి ఉన్నాయి.

"వాళ్ళ అమ్మలకు తెలుసంటావా?"

"కొందరికి తెలీదేమో."

బొత్తాలమ్మ కళ్ళద్దాలు తీసింది. తుడుచుకోవడం మరిచిపోయి అలాగే చేతిలో పట్టుకుని నిలబడింది.

"చెప్పమను తల్లీ," అంది. "భయపడతారు, తిడతారు, అయినా చెప్పమను. ఇంత గొప్ప సంగతి చూడకుండా వాళ్ళు ముసలివాళ్ళయిపోతే ఎలా?"