రెండు చాపల దూరం

మా నాలుమాన్సికి ఆ కుర్రాడి మీద మొదటిరోజే ఒళ్లు మండింది. కారణం చెబితే మీరు నవ్వుతారు, కిలో చిక్కుడు గింజలు.

నాలుమాన్సి నా తమ్ముడి కూతురు. మా మసాకా ఊరి బజారులో ఆడవాళ్ల గౌన్లు కుట్టే కొట్టు దానిది. తమ్ముడు పోయాక దానికి తల్లి, తల్లికి అది. ఆ తల్లి, అంటే నా మరదలు నబతాంజి, రెండు మోకాళ్లూ అరిగి ఎనిమిది నెలలుగా మంచం దిగలేదు. కదిలితే ఇంకా అరుగుతాయని దాని నమ్మకం. మంచం మీదే తిండి, మంచం మీదే ప్రార్థన, మంచం మీంచే ఊరందరికీ తీర్పులు.

మోకాళ్లకు కసరత్తు చేయించే మనిషిని ఆసుపత్రివాళ్లు ఇంటికే పంపుతామంటే, తైలం సీసాలతో ఏ పెద్దాయనో వస్తాడనుకున్నాం. జోరువానలో బోడా, అదే అద్దె మోటారుసైకిలు, దిగినవాడికి ముప్పై కూడా ఉండవు. పేరు లుబోవా. తల తుడుచుకుంటూనే నాలుమాన్సిని అడిగాడు.

"ఇంట్లో చిక్కుడు గింజలున్నాయా అండీ?"

"ఉన్నాయి. వండటానికి రెండు గంటలు పడుతుంది. అంత ఆకలైతే అరటిపండు తినండి."

"తినడానికి కాదు. మీ అమ్మగారి కాలికి కట్టడానికి."

గుడ్డసంచిలో కిలో గింజలు పోసి, మరదలి చీలమండకు చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టి కాలు చాపమన్నాడు. అది పెట్టిన కేకకు పక్కింటి మేకలు కట్టుతాళ్లు లాక్కున్నాయి.

"నొప్పి పుట్టే కాలికి ఎవరైనా బరువు కడతారా మాస్టారూ? మీకెవరు నేర్పారు?" అంది నాలుమాన్సి.

"నొప్పి మోకాలిది. మోయాల్సింది తొడ కండ. అదేమో ఎనిమిది నెలలుగా పడుకుంది. దాన్ని లేపాలి."

"అమ్మ ఇలాగే అరిస్తే?"

"అరవనివ్వండి. ఊపిరి బిగబట్టడం కంటే మేలు."

రోజు విడిచి రోజు వచ్చేవాడు. ఒక అరచేయి మోకాలి పైన వేసి, ఇంకో చేయి మడమ కింద పెట్టి, కండ బిగుస్తోందో లేదో చూసేవాడు. "రేపు పొద్దుటికి నొప్పి సర్దుకుంటే బరువు సరిపోయినట్టు. సర్దుకోకపోతే రెండు గుప్పెళ్లు తీసేయండి" అని వెళ్లేవాడు. తర్వాత కుర్చీ అంచున కూర్చుని లేవడం, ఆ తర్వాత గడప ఎక్కి దిగడం. ఆరో వారానికి మరదలు గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి, ఇన్ని నెలల తర్వాత పక్కింటావిణ్ణి ఎదురుగా నిలబడి తిట్టింది.

ఈలోగా మా పిల్లకు ఏదో అయింది. లుబోవా వచ్చే రోజున కొట్టు పెందలాడే మూసేది. ఒక గౌనుకు రెండు చేతులూ ఎడమవైపువే కుట్టింది. అతను రాని రోజున వాకిలికీ వంటింటికీ తిరిగి తిరిగి నా ప్రాణం తీసేది. మేనత్తను, నాకు తెలీదా.

ఏడో వారం అతను వచ్చాడు గానీ, మరదలికి రెండు చాపల దూరంలో ఆగిపోయాడు.

"మీరే చేయండమ్మా. నేను ఇక్కణ్ణుంచి చూస్తాను."

మొన్నటిదాకా పట్టుకున్న కాలిని ముట్టుకోలేదు. ఆ తర్వాత రెండుసార్లూ అంతే. మరదలు గోడవైపు తిరిగి పడుకుంది.

"నా కాలంటే రోత పుట్టినట్టుంది వదినా. ఇంక రావద్దని చెప్పు."

సంచి విప్పి పారేసింది. ఆ రోజు నుంచి మళ్లీ మంచం మీదే కంచం.

నాలుమాన్సి ఊరుకుంటుందా. అతను మళ్లీ వచ్చిన రోజు చూరు కిందే నిలేసింది. వాన దంచుతోంది. నేను పక్కనే వంటపాకలో మతోకే అరటికాయలు చెక్కుతున్నాను, చెవులు మాత్రం అక్కడే.

"మా అమ్మ కాలికి ఏం వాసన వచ్చింది మాస్టారూ? ఆరు వారాలూ లేనిది ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

"అలా అనకండి."

"మరెలా అనాలి? రెండు రోజులుగా ఆవిడ లేవలేదు."

లుబోవా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. "ఇవాళ మీ అమ్మగారి కాలు పట్టుకుంటే, రేపు మీ ఇంటికి ఏ మొహంతో పిల్లనడగడానికి రాను?"



మా బుగాండాలో అల్లుడు అత్తను తాకకూడదు. మొహం చూడకూడదు, ఒక చాప మీద కూర్చోకూడదు. అల్లుడొస్తే ఆవిడే చాటుకు తప్పుకోవాలి. తప్పితే ఇద్దరికీ ఒళ్లు వణికే జబ్బు పట్టుకుంటుందంటారు.

"చదువుకున్నవాళ్లు, మీరు నమ్ముతారా దాన్ని?" నాలుమాన్సి గొంతు సగానికి తగ్గింది.

"నేను నమ్మకపోతే ఏమైంది. మీ అమ్మగారు నమ్ముతారు. అల్లుడి చేతిలో కాలు పెట్టానని బతికినన్నాళ్లూ ఆవిడ వణుకుతారు. ఇంకో ఆరు వారాలు నోరు మూసుకుందామనుకున్నాను. చేతులు వినలేదు. కాలు పట్టుకున్నప్పుడల్లా దొంగలా అనిపించింది. అడిగితే ఆవిడ వైద్యం ఆగిపోతుంది, అడగకపోతే నాకు నిద్ర లేదు."

"నన్ను మాత్రం అడిగారా?"

"ఇప్పుడు అడుగుతున్నానుగా."

"ముందు మా అమ్మ లేచి నడవాలి. అప్పటిదాకా నాకేం వినపడదు." అందే గానీ, వానలోకి చేయి చాపి నవ్వు దాచుకోవడం నేను చూశాను.

నేను కత్తి పక్కన పెట్టి వెళ్లాను. "అబ్బాయ్, మీది ఏ వంశం?"

"అడవిదున్న వంశం, పెద్దమ్మా."

"పొగరు చూస్తేనే తెలిసింది. మాది మిడత వంశం, వంశాలు వేరు కాబట్టి పెళ్లికి అడ్డేం లేదు. నీ చేతులు పనికిరాకపోతే నా చేతులున్నాయి. ఎక్కడ పట్టుకోవాలో చెప్పు."

ఇంటివాళ్లే నేర్చుకోవాలని ఆసుపత్రిలో కొత్త పద్ధతి పెట్టారని మరదలికి అబద్ధం చెప్పాను. అది నన్ను చూసింది, గడపవతల లుబోవాను చూసింది, కిటికీ దగ్గర ఊరికే పరదా సర్దుతున్న కూతుర్ని చూసింది. కాలు చాపింది.

మిగిలిన ఆరు వారాలూ మాకు కాలు నిలవలేదు. నేను మరదలి తొడ మీద చేయి వేస్తే, గడపవతల నుంచి "కాస్త పైకి పెద్దమ్మా, ఇప్పుడు మెల్లగా దించనివ్వండి" అని కేక. సంచి కిలో నుంచి రెండయింది, రెండు మూడయింది. రాత్రయితే నాలుమాన్సి నా పక్క మీదికి చేరేది.

"అమ్మ కాదంటే ఏం చేయాలత్తా?"

"ఏం చేస్తావ్?"

"తెలీదు. ఆవిణ్ణి కాదని వెళ్లలేను. ఆయన్ని కాదని ఉండలేను."

"అయితే పడుకో."

"నిద్ర రావట్లేదు."

మా పద్ధతి ప్రకారం పిల్లనడిగే ఉత్తరం మేనత్త చేతికే ఇవ్వాలి. అది పట్టుకుని లుబోవా ఒక ఆదివారం వచ్చాడు, కోటు వేసుకుని, చెమటలు కక్కుతూ. మరదలు నట్టింట్లో చాప మీద కాళ్లు మడుచుకుని వేరుశనగలు ఒలుస్తోంది. నాలుమాన్సి గోడకు అతుక్కుపోయింది.

అతను గడప తొక్కాడు. మరదలు తలెత్తింది. చాట పక్కకు నెట్టింది. ఒక అరచేయి చాప మీద ఆనించింది, ఒక పాదం ముందుకు మోపింది. నేను పరుగెత్తి చేయి ఇవ్వబోతే విదిలించింది. తొడ బిగిసింది, మనిషి లేచింది. పైగుడ్డ తల మీంచి మొహం మీదికి లాక్కుని, గోడ పట్టుకోకుండా, చకచకా నడిచి లోపలి గది తలుపు చాటున నిలబడింది.

లుబోవా చేతిలో ఉత్తరం నలిగిపోతోంది. నాలుమాన్సి రెండు చేతులతో నోరు మూసుకుంది, కళ్లు మాత్రం నిండిపోయాయి.

తలుపు వెనక నుంచి మరదలి గొంతు వచ్చింది. "వదినా, అల్లుడికి కుర్చీ వెయ్యి. ఈ తలుపుకు దూరంగా."

"అమ్మా, నువ్వు కూర్చో" అంది నాలుమాన్సి.

"ఎందుకే. ఏమడుగుతాడో వినాలిగా. నిలబడే వింటాను."