డిక్లేర్ చేయాల్సినవి ఏమైనా ఉన్నాయా?

“సాక్సులు విప్పండి.”

ఒక అమ్మాయి తనతో మాట్లాడే మొదటి మాట ఇదవుతుందని మనవాడు కలలో కూడా అనుకోలేదు. అతను ఎలక్ట్రికల్ సామాన్ల షోరూంలో సేల్స్‌మన్. రోజూ ఎందరో అమ్మాయిలకు మిక్సీలూ వాక్యూమ్ క్లీనర్లూ చూపిస్తాడు. వాళ్ళంతా ‘ఇంకేం తగ్గదా?’ అని తప్ప మరో మాట అడగరు.

“ఇక్కడా?” అన్నాడు.

“ఇక్కడే. ప్యాంటు కూడా పైకి మడవండి.”

పడవ దిగి ఈ దీవుల్లో అడుగు పెట్టాలంటే ముందు ఈ రేకుల షెడ్డు దాటాలి. ఇక్కడున్న పిట్టలూ తాబేళ్ళూ ప్రపంచంలో మరెక్కడా లేవు కాబట్టి బయటి గింజ ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. ఆ పని చూసేది ఈవిడే. బూట్ల అడుగున బ్రష్షుతో గీకుతుంది, జేబుల్లో వాక్యూమ్ గొట్టం పెట్టి పీలుస్తుంది. పడవవాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు చెకింగ్ మేడమ్ అంటారు. వెనకాల ఏమంటారో మనకెందుకు.

ఆవిడ అతని సాక్సులోంచి పట్టకారుతో ఒక గడ్డిగింజ లాగి వెలుతురుకి పట్టి చూసింది.

“ఎక్కడిదిది?”

“మా పార్కుది అయ్యుంటుందండీ. రోజూ వాకింగ్‌కి వెళ్తాను.”

ఆమె అతని పొట్ట వైపు ఒకసారి చూసింది. “రోజూనా?”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తీరా చూస్తే వాళ్ళమ్మే.

అమ్మ కోసమే ఈ ప్రయాణం. ఈ దీవుల్లో నడకపిట్ట అని ఒకటుంది. రెక్కలున్నా ఎగరదు, చేతులు వెనక్కి కట్టుకున్న పెద్దమనిషిలా నడుస్తుంది. పెళ్ళయిన కొత్తలో దాన్ని టీవీలో చూసి నాన్న ‘తీసుకెళ్తాలే’ అన్నాడు. అన్నంత తేలిగ్గానే మరిచిపోయాడు, ఆ తర్వాత పోయాడు. అమ్మ మాత్రం మరిచిపోలేదు. పొద్దున పడవలోంచి తీరం కనపడగానే కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

“డిక్లేర్ చేయాల్సినవి ఏమైనా ఉన్నాయా?” అంది మేడమ్. “గింజలు, పళ్ళు, మట్టి, తినే సామాను?”

“అబ్బే, ఏమీ లేవండీ,” అన్నాడు మనవాడు, అమ్మ తరఫున కూడా.

మేడమ్ అమ్మ హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి ఒక చిన్న స్టీలు డబ్బా తీసింది. ఊపితే గలగలమంది.

అమ్మ ముఖం పాలిపోయింది. అందులో ఉన్నది సోంపు. చిటికెడు నోట్లో వేసుకుంటే తప్ప ఆవిడకు భోజనం చేసినట్టే ఉండదు. సోంపు కూడా మొలకెత్తే గింజేనన్న సంగతి ఆ క్షణందాకా తట్టనేలేదు. ఎదురుగా గోడ మీద పెద్ద బోర్డు ఉంది: గింజలు దాచి తెచ్చినవారికి దీవిలోకి ప్రవేశం లేదు.

“అది నాదండీ,” అన్నాడు మనవాడు. “అమ్మ బ్యాగులో నేనే పడేశాను.”

“అలాగా? తెరవండి.”

మూత లాగాడు. తిప్పాడు. పళ్ళతో కొరికాడు. అది కదల్లేదు. ఆ అవస్థ చూడలేక అమ్మ అలవాటుగా చెయ్యి చాచి, బొటనవేలితో పక్కన నొక్కింది. మూత టక్కున తెరుచుకుంది.

మేడమ్ డబ్బాను చూసింది, అమ్మను చూసింది, మనవాణ్ణి కాస్త ఎక్కువసేపు చూసింది.

“మీరు వెళ్ళండమ్మా, గైడు ఎదురుచూస్తున్నాడు. ఈయన సాయంత్రం పడవ బయల్దేరేదాకా ఇక్కడే ఉంటారు.”

“ఒరేయ్, నువ్వు లేకుండా...” అమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

“వెళ్ళమ్మా. పిట్ట నాకోసం ఏమీ బెంగపెట్టుకోలేదులే.”

అందరూ వెళ్ళిపోయాక షెడ్డులో మిగిలింది ఇద్దరే. ఆమె బల్ల శుభ్రం చేయడం మొదలుపెట్టింది. వాక్యూమ్ క్లీనర్ ఓ రెండుసార్లు దగ్గి మూలిగి ఆగిపోయింది.

“ఫిల్టరు జామ్ అయ్యుంటుంది,” అన్నాడు మనవాడు.

“బాగుచేయడం వచ్చా?”

సేల్స్‌మన్ అన్నవాడి నోట ‘రాదు’ అన్న మాట రాదు. “నేను ఈ లైన్లోనే ఉన్నానండీ,” అన్నాడు దర్జాగా, చొక్కా చేతులు మడుస్తూ. గొట్టం పీకి ఇంకోవైపు తగిలించాడు, పక్కనున్న ఎర్ర మీట నొక్కాడు. మెషీన్ పీల్చడం మాని ఊదడం మొదలుపెట్టింది. లోపలున్న సంచీ ఫట్‌మని చిట్లింది. దీవులు చూడ్డానికొచ్చిన జనం జేబుల్లోంచి పీల్చిన గింజలన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచాయి.

ఆమె ఒక్క దూకు దూకి తలుపూ కిటికీలూ మూసేసింది. జుట్టు నిండా గింజలతో వెనక్కి తిరిగింది.

“ఈ లైన్లో మీరు చేసే పనేంటి అసలు?”

“అమ్ముతానండీ. రిపేర్లు వేరే డిపార్ట్‌మెంటు.”

అరుస్తుందనుకున్నాడు. ఆమె అరవలేదు. పట్టకారు ఒకటి అతని చేతిలో పెట్టి నేల చూపించింది.

“ఒక్క గింజ బయటపడి మొలిచినా నడకపిట్ట గూడు పెట్టుకునే గడ్డి పోతుంది. తర్వాత నడకపిట్ట పోతుంది. ఆ తర్వాత నా ఉద్యోగం. ఏరండి.”

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఏరారు. రేకుల మీద వర్షం అందుకుంది. ఆమె జడలో చిక్కుకున్న గింజ ఒకటి అతన్ని చాలాసేపు ఇబ్బంది పెట్టింది. తీయొచ్చా అని అడగడానికి ధైర్యం చాల్లేదు, చూడకుండా ఉండటం చేతకాలేదు.

“చూసింది చాలు, తీయండి,” అంది ఆమె తలెత్తకుండానే.

తీశాడు. పట్టకారు జారి గింజ మళ్ళీ జడలోనే పడింది.

“రిపేర్లు నిజంగానే వేరే డిపార్ట్‌మెంటు,” అంది. ఈసారి నవ్వింది.

నేలంతా శుభ్రమయ్యాక తలుపు తోస్తే రాలేదు.

“సూపర్నెంటు గారొచ్చారు,” అంది ఆమె.

“ఎవరాయన?”

“తాబేలు. వర్షమొస్తే తలుపుకి ఆనుకుని పడుకుంటారు. మా పాత సూపర్నెంటు కూడా ఇంతే, వచ్చి కూర్చుంటే కదిలేవాడు కాదు.”

“గట్టిగా తోసేద్దామా?”

“ఇక్కడ జంతువుల్ని తోయకూడదు. ఆయన లేవాలి. ముందు వర్షం ఆగాలి, తర్వాత ఆయన ఆలోచించుకోవాలి.”

ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. షెడ్డులో ఉన్నది ఒకటే బల్ల మరి.

“ఇంత దూరమొచ్చి పిట్టను చూడలేకపోయారు. బాధగా లేదా?”

నాన్న మాట ఇచ్చిన సంగతి చెప్పాడు. ఆమె పట్టకారు పక్కన పెట్టింది.

“నాతో మాట్లాడే ప్రతివాళ్ళూ నేనెప్పుడు వదిలేస్తానా అని చూస్తారు,” అంది. “ఇలా పక్కన కూర్చున్నది మీరొక్కరే.”

“నాకు వేరే దారి లేదు కదండీ.”

“తెలుసు. అయినా బాగుంది.”

సరిగ్గా అక్కడే మనవాడు పడిపోయాడు. ఆమె అతనికి బాగా నచ్చేసింది. ఆ వెంటనే పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. సోంపు డబ్బా తనదని ఈ మనిషితో అబద్ధమాడాడు. నిజం చెబితే మొహం కూడా చూడదేమో. చెప్పకుండా పడవెక్కితే తన మొహం తను చూసుకోలేడు.

వర్షం వెలిసింది. సూపర్నెంటు గారు ఆలోచించుకుని లేచారు. తలుపు తెరిచేసరికి అమ్మ వస్తోంది, చీర అంచంతా తడి, ముఖమంతా వెలుగు.

“చూశానురా నాన్నా. ఎదురుగా వచ్చి నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది. అచ్చం మీ మేనత్తే.” ఆ సంబరంలోనే అమ్మ చెయ్యి చాచింది. “అమ్మాయ్, నా సోంపు డబ్బా ఇలా ఇవ్వు.”

అన్నాక నాలిక కరుచుకుంది.

వెళ్ళేటప్పుడు కూడా తనిఖీ ఉంటుంది. మేడమ్ మనవాడి ఎదురుగా వచ్చి నిలబడింది.

“డిక్లేర్ చేయాల్సినవి ఏమైనా ఉన్నాయా? ఈకలు, గవ్వలు, రాళ్ళు?”

“ఉందండీ. పొద్దున మీతో అబద్ధం చెప్పాను.”

“తెలుసు. సొంత డబ్బా మూత తీయడం రాని మనిషిని నేనెక్కడా చూళ్ళేదు.”

“మరి అమ్మను ఎందుకు వదిలేశారు?”

“మీ అమ్మగారు ఏడుస్తూ పడవ దిగారు. డబ్బా నా దగ్గరే ఉండిపోయింది, గింజ లోపలికి పోలేదు. శిక్ష ఎవరో ఒకరికి పడితే చాలనుకున్నా.” ఆమె గొంతు తగ్గింది. “ఇంకేమైనా?”

“ఇంకొకటుంది. మీరు నాకు నచ్చారు. చాలా. ఇక్కడినుంచి ఏదీ తీసుకెళ్ళకూడదంటారు కాబట్టి చెప్పేస్తున్నాను.”

“ఒరేయ్,” అంది అమ్మ గుసగుసగా. “వెనక్కి తిరుగు. నడకపిట్ట.”

“ఉండమ్మా.”

“నీ కాలి దగ్గరేరా. నీ బూటు చూస్తోంది.”

“చూడనీయమ్మా. ఇక్కడ జవాబు రావాలి.”

పిట్ట ఆ బూటును శ్రద్ధగా పరీక్షించింది. పనికిరాదని తేల్చుకుని, తీరిగ్గా నడుచుకుంటూ పొదల్లోకి వెళ్ళిపోయింది. మనవాడు కళ్ళు తిప్పలేదు. మేడమ్ కూడా తిప్పలేదు.

“వెళ్ళిపోయింది,” అంది ఆమె. “ఇంత దూరమొచ్చి దాన్ని చూడలేదు మీరు.”

“అయితే మళ్ళీ రావాలి కదండీ.”

“రావాలి.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “వచ్చేటప్పుడు ఆ సాక్సులు మాత్రం వద్దు.”

పడవ కూత వేసింది. మేడమ్ సోంపు డబ్బా తీసి అమ్మకు అందించబోయింది. అమ్మ ఆ చేతిని డబ్బాతో సహా మెల్లగా వెనక్కి నెట్టింది.

“నీ దగ్గరే ఉంచమ్మా. మావాడొచ్చి తీసుకుంటాడు. మూత తీయడం మాత్రం నువ్వే నేర్పాలి, నావల్ల కాలేదు.”