ఈనని మడి

విత్తన కేంద్రంలో కాపలావాడి శవం ఇంకా చల్లబడలేదు. చలి మొదలయ్యేలోపే ఈనే కొత్త వరి వంగడం, ఉన్న కాసిని గింజలూ, ఫ్లాస్కుతో సహా మాయం. తల్లి మొక్కలు బూడిద.

"సాయంత్రం ఓడకు గింజలు దేశం దాటుతాయి, కురమోచీ," ఫోనులో చీఫ్ హగా గొంతు. "పోయాయో, ఉత్తరాది రైతుకు మంచులో ఉత్త గడ్డే."

"ఆ విత్తనాల ముఠాలో మనం దింపిన ఏజెంట్ షిజునో ఉందిగా?"

"వేసవి నుంచి సిగ్నల్ లేదు. అమ్ముడుపోయింది. కనిపిస్తే కాల్చెయ్."

సీక్రెట్ ఏజెంట్ కురమోచి నిట్టూర్చాడు. మోకాళ్లు సలుపుతున్నాయి. పురుగుమందుల సేల్స్‌మన్ వేషం. టిఫిన్ డబ్బాలో ట్రాన్స్‌మిటర్ ఉంది గనక అన్నం ముద్దలు జేబులో పెట్టుకున్నాడు. ముఠా స్థావరం కోసం వేసవంతా ఓడరేవు వీధులే గాలించాడు. మళ్లీ అటే బయల్దేరాడు.

దారి పొడుగునా షోనాయ్ మైదానంలో వరి వెన్నులు వంచి బంగారు రంగుకు తిరుగుతోంది. ఒక్కచోట, పాత పట్టుపురుగుల షెడ్డు పక్కన, మడి ఆకుపచ్చగానే నిలబడి ఉంది. కారు ఆపాడు. గట్టుమీద ఓ ముసలామె, పేరు తోమె, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఈ మడి ఈనలేదేం, బామ్మా?"

"ఎట్లా ఈనుతుంది నాయనా? రాత్రి పొడుగైందని తెలిస్తేనే కదా వరి పొట్టకొచ్చేది! మేం వీధి దీపాలే ఆర్పించుకుంటాం. ఆ షెడ్డులో దిగిన లిప్‌స్టిక్ పిల్ల తెల్లవార్లూ దీని మొహాన దీపం పెడుతుంది. అడిగితే నవ్వుతుంది. ఇవాళ తాడోపేడో తేలుస్తా. గేటుకు ట్రాక్టర్ అడ్డం పెట్టేశా."

గేటు లోపల వ్యాను హారన్ గోల పెడుతోంది.

షెడ్డులో దిగిన కొత్త మనుషులు, బయటపడాలని తొందరపడే వ్యాను. కురమోచి గోడ దూకాడు. మోకాలు కలుక్కుమంది. వ్యాను పక్కన ముఠా నాయకుడు, విదేశీయుడు, ఒక చేత ఫ్లాస్కు, మరో చేత యాసిడ్ సీసా. పక్కనే ఎర్ర స్కార్ఫులో షిజునో.

"ట్రాక్టర్ తీయించు! లేదా గింజల మీద యాసిడ్ పోసేస్తా!" అని అరిచాడు.

ఫ్లాస్కు మూత ఊడింది. సీసా వంగింది. షిజునో హ్యాండ్‌బ్యాగు వాడి మణికట్టు మీద పడింది. యాసిడ్ నేలపాలు, ఫ్లాస్కు ఆమె చేతుల్లోకి. కురమోచి పిస్టల్ మడమతో వాణ్ని పడుకోబెట్టాడు.

"నిన్ను కాల్చమన్నారు," అన్నాడు రొప్పుతూ.

"ట్రాన్స్‌మిటర్ లాక్కున్నారు. కాపలా లేకుండా కదలనివ్వలేదు. దీపమొక్కటే మిగిలింది. నేనూ వరి పండించే ఇంటిదాన్నే. ఈనని మడి నీ కంట పడకపోదనుకున్నా. ఇంత ఆలస్యమా?"

"ఓడరేవు వీధుల్లో వెతుకుతున్నా."

"పల్లెటూరివాడివేనా నువ్వు?"

తోమె లోపలికి వచ్చింది. షిజునో ఫ్లాస్కు చూపించి, ఎందుకు చేసిందో చెప్పింది. ముసలామె మడి వైపు చూసింది.

"మంచు పడేలోపు అది ఈనదు," అంది.

షిజునో తల దించుకుంది.

"సరే, దేశం సంగతి మీరు చూసుకోండి. ముందా దీపం ఆర్పండి."

కురమోచి కుంటుతూ వెళ్లి, తెల్లారినా వెలుగుతూనే ఉన్న దీపం స్విచ్చి నొక్కాడు. వేసవంతా అతను చేసిన డ్యూటీలో ఒక రైతు నోరు తెరిచి అతన్ని అడిగిన పని అదొక్కటే.