పొగగొట్టం బంగ్లా ఓనరు

రావల్కోల్ దాటి శామీర్‌పేట వైపు పోయే దారిలో, ఎడమచేతి పక్క గుట్ట మీద, పొగగొట్టం ఉన్న బంగ్లా ఒకటుంది. చీకటి పడ్డాక ఆ గుట్ట కింద నుంచి ఎవరూ నడిచిపోరు. తప్పనిసరైతే బండి మీద పోతారు. బండి మీద పోయేవాళ్ళు కూడా అక్కడికి రాగానే, ఎదురుగా ఎవరూ లేకపోయినా, ఒకసారి హారన్ కొడతారు. దెయ్యం పక్కకు జరుగుతుందని కాబోలు.

మేడ మీద బూట్ల చప్పుడు వినబడుతుందని అంటారు. టక్... టక్... ఈ చివర నుంచి ఆ చివరకు. కాసేపు ఆగుతుంది... మళ్ళీ వెనక్కు వస్తుంది. ఆ చప్పుడు విన్నవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. వినకుండానే విన్నవాళ్ళు అంతకంటే ఎక్కువ.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మావైపు చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకరు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి పిలిచేది మనిషే అని పెద్దల లెక్క. ఈ లెక్క పుణ్యాన దెయ్యం పట్టినవాళ్ళు ఎవరూ లేరు. తెల్లారకముందే వచ్చే పాలవాడు రెండుసార్లు పిలిచి వెళ్ళిపోతే, చాయ్ లేకుండా కూచున్నవాళ్ళు మాత్రం ఇంటికొకరున్నారు.

బంగ్లా కట్టింది రైళ్ళ పని మీద వచ్చిన ఒక స్కాట్లాండ్ దొర. వాళ్ళ దేశంలో, పల్లెలో, తాతల నాటి రాతి ఇల్లు ఉండేదట. మూలకు బురుజు, నెత్తిన పొగగొట్టం. ఆ ఇల్లు చేతులు మారి మారి, చివరికి వాళ్ళ నాయిన చేతిలో నుంచి కూడా జారిపోయింది. దొరకు అది మనసులో ముల్లయింది. ఇళ్ళు చేతులు మారని చోట అచ్చం అట్లాంటిదే కట్టుకుంటానని ఒట్టు పెట్టుకుని, వెతికి వెతికి మేడ్చల్ పక్కన చోటు ఏరుకున్నాడు. మనిషి వట్టి అమాయకుడు.

ఎండాకాలం గుట్ట మీది బండలే పేలిపోయే చోట, దొర హాల్లో చలిమంట పొయ్యి కట్టించాడు. దొరకు వంటకు వేరే గది లేదేమోనని ఊరు జాలిపడింది.

కొన్నేళ్ళకు ఆయనకు స్వదేశం నుంచి కబురొచ్చింది. పోతూ పోతూ కాపలా ఉన్న పర్వతాలును పిలిచి, పెద్ద తలుపు తాళంచెవి చేతిలో పెట్టాడు. అరచేయంత ఇనుప తాళంచెవి. దానికి జోడు లేదు.

"నేను వచ్చి తీసుకునేదాకా ఇది నీ దగ్గరే. నా ఇంట్లో ఇంకెవరినీ పండనియ్యకు" అన్నాడట. వచ్చీరాని తెలుగులో. ఆయన బూట్ల జత ఒకటి వరండాలోనే మరిచిపోయి, ఓడెక్కాడు.

మళ్ళీ రాలేదు.

ఇక ఇల్లు చేతులు మారడం మొదలైంది. మొదట ఒక నవాబుగారి బామ్మర్ది పిట్టల వేటకని కొన్నాడు. తివాచీలతో, వంటవాడితో వచ్చాడు. మొదటి రాత్రి వంటవాడు పారిపోయాడు, రెండో రాత్రి బామ్మర్ది. వేట సంగతి పిట్టలకు తెలియను కూడా తెలియదు.

తర్వాత ఒక భూస్వామి కొని, వడ్లు పోయించాడు. ఆయన పోయాక భార్య దుర్గాబాయి మొండికేసి అక్కడే కాపురం పెట్టింది. ఆవిడ బూట్ల చప్పుడుకు లేచి కూచుని, పైకప్పు వైపు చూసి, "మెల్లగ నడువ్! పండుకున్నోళ్ళు కనవడ్తలేరా?" అని అరిచేదట. ఆ ఏడంతా దెయ్యమే కాస్త మెల్లగా నడిచిందని చెబుతారు. చివరికి వానకు ఇల్లు కురుస్తోందని ఆవిడే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకాయన కోళ్ళఫారం పెట్టాడు. కిటికీలు మూసిన రాతి గదుల్లో కోడిపిల్లలు ఉడికి చచ్చిపోయాయి. ఆ పాపం కూడా దొర ఖాతాలోకే పోయింది.

ఇంతమంది ఓనర్లు మారినా కాపలా మారలేదు. పర్వతాలు, ఆయన కొడుకు బక్కయ్య, ఇప్పుడు బక్కయ్య కొడుకు ముత్తయ్య. బావితో, మామిడిచెట్లతో పాటు వీళ్ళు కూడా ఇంటితో వచ్చేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ బూట్ల చప్పుడు ముత్తయ్యదే. ఆయనకు ముందు బక్కయ్యది. అంతకుముందు పర్వతాలుది. ఇంట్లో ఎవరైనా పడుకుంటే, వెనక మెట్ల మీదుగా మేడెక్కి, దొర బూట్లు తొడిగి చెక్కనేల మీద అటూ ఇటూ నడవడం మూడు తరాల కొలువు. దొరకిచ్చిన మాట అది. చనిపోయేటప్పుడు ప్రతివాడూ కొడుకుతో ఒకటే చెప్పాడు. "దొరొస్తే తాళంచెయ్యి అప్పజెప్పు. గప్పటిదాకా నీకు నిద్ర లేదు."

ఊరికి ఈ సంగతి మొన్నమొన్నటిదాకా తెలియదు. ముత్తయ్య భార్య శంకరమ్మకు తెలుసు. ఊళ్ళో ఎవరింట్లో ఏం కూర వండారో పొద్దెక్కేలోపు అందరికీ చేరవేసే శంకరమ్మ, పెండ్లయినప్పటి నుంచి ఈ ఒక్కటీ కడుపులో దాచుకుంది. ఆమె కడుపునొప్పికి అదే కారణమని కొందరం అనుకుంటాం.

ముత్తయ్యకు డెబ్బై దగ్గర పడింది. మోకాళ్ళు అరిగాయి. పగలు కూచుంటే కునుకు, రాత్రి పడుకుంటే మెలకువ. ఆయన అలసట ఆయన ఒక్కడిది కాదు, తాతల నుంచి వచ్చిన ఆస్తి. వేరే ఆస్తి ఏమీ రాలేదు కాబట్టి దాన్నే జాగ్రత్తగా చూసుకుంటున్నాడు.

మొన్న చలికాలం ఒక సాయంత్రం సుధాకర్ కారు దిగాడు. ఇప్పటి ఓనరు. సుచిత్ర చౌరస్తాలో రియల్ ఎస్టేట్ ఆఫీసు. సర్పంచ్‌గా రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ కూచున్నాడు.

"ముత్తయ్యా, తలుపు తియ్. ఇయ్యాల రాత్రి నేనిక్కడనే పండుకుంట."

"గిప్పుడెందుకు పటేలా... దుమ్మున్నది."

"ఫంక్షన్ హాల్ కడ్తమంటే పార్ట్‌నర్లు దెయ్యమని భయపడ్తున్నరు. నేనొక్క రాత్రి పండి చూపియ్యాలెనంట. పొద్దుగాల జేసీబీ వస్తది. గీ పొగగొట్టం, బురుజు... అన్ని సాఫ్."

"అన్నిటినా?"

"అన్నిటిని. ఇగ నీకు గూడ రెస్ట్."

దెయ్యంతో పడుకోవడానికి మంచి ముహూర్తం పంతులును అడిగి మరీ వచ్చాడు సుధాకర్. ముత్తయ్య తలుపు తీశాడు. తాళంచెవి మళ్ళీ మొలతాడుకు కట్టుకున్నాడు.

గేటు పక్క గుడిసెలోకి వచ్చేసరికి శంకరమ్మ బూట్లు బయటికి తీసి, కొంగుతో తుడుస్తోంది.

"లోపటవెట్టు" అన్నాడు ముత్తయ్య.

"ఏందయ్యా, ఎక్కవా? పొద్దుగాల ఇల్లు కూల్తదంట గద!"

"నాతోని కాదే. మోకాళ్ళు లేస్తలేవు."

"మరి మీదికి వొయినంక మీ తాతకు ఏం జెప్తవ్?"

ముత్తయ్య మంచం మీద ఒరిగాడు.

"నిద్రొచ్చింది తాతా... అని జెప్త."

ఆ మాట అన్నాడు కానీ నిద్ర రాలేదు. తాళంచెవి నడుముకు గుచ్చుకుంటోంది. అటు తిరిగినా, ఇటు తిరిగినా గుచ్చుకుంటోంది. తెల్లారితే తలుపే ఉండదు... తాళంచెవి ఎవరికి ఇవ్వాలి? ఇవ్వకుండా ఎట్లా చావాలి?

బంగ్లాలో సుధాకర్ ఫోన్‌లో పాటలు పెట్టుకున్నాడు. కాసేపటికి పాటలు ఆగిపోయాయి. లైటు ఆరిపోయింది. దూరంగా గుండ్లపోచంపల్లి గోదాముల దీపాలు మిణుకుమంటున్నాయి. గాలి లేదు. కుక్కలు కూడా అరవడం లేదు...

టక్.

ముత్తయ్య కళ్ళు తెరిచాడు.

టక్... టక్...

మేడ మీద. చెక్కనేల మీద. తొందర లేని నడక. ఈ చివర నుంచి ఆ చివరకు... ఆగింది... మళ్ళీ వెనక్కు.

ముత్తయ్య పక్కకు చూశాడు. శంకరమ్మ అక్కడే ఉంది. కూచుని ఉంది. మంచం కిందికి చూస్తోంది.

మంచం కింద బూట్లు ఉన్నాయి. రెండూ.

"నువ్వీన్నే ఉన్నవ్..." గుసగుసగా అంది శంకరమ్మ.

"ఈన్నే ఉన్న."

"మరెవరయ్యా?"

బంగ్లాలో నుంచి పెద్ద కేక. తలుపు ధడేల్‌మంది. సుధాకర్ బనీను మీద, ఒక కాలికే చెప్పుతో, కారు దాకా పరుగెత్తాడు. రెండుసార్లు ఓడిపోయినప్పుడు కూడా మనిషి ఇంత వేగంగా ఊరు దాటలేదు. కారు ఎర్రదీపాలు గుట్ట దిగి, మలుపులో మాయమయ్యాయి.

మళ్ళీ నిశ్శబ్దం.

తెరిచిన తలుపు నల్లగా కనబడుతోంది. ఆ నలుపులో నుంచి... మెల్లగా... ఒక గొంతు.

"పర్వతాల్..."

శంకరమ్మ గబుక్కున ముత్తయ్య నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఈ నేల మీద లేరు. చివరి అక్షరం మింగేసి ఆ పేరును పలికే మనిషి ఎప్పుడూ ఒక్కడే. దొర అట్లా పిలిచేవాడని బక్కయ్య చెప్పేవాడు.

"పర్వతాల్..."

రెండోసారి.

మూడో పిలుపు రావద్దని శంకరమ్మ పోచమ్మకు మొక్కుకుంటోంది. ఆమె చేతి కింద ముత్తయ్య పెదాలు కదులుతున్నాయి. ఆయన మొక్కు వేరే.

చాలాసేపు ఏమీ లేదు. శంకరమ్మ చెయ్యి కాస్త సడలింది...

"పర్వతాల్!"

ముత్తయ్య ఆమె చెయ్యి తీసి, లేచి కూచున్నాడు.

"మూడుసార్లు పిలిచిండే" అన్నాడు. "దెయ్యం గాదు. ఓనరు."

"పోకయ్యా... నీ కాళ్ళు మొక్కుత..."

"మూడోసారి పిలిచినంక పలకకపోతే మర్యాద గాదు."

బూట్లు ఒక చేతిలో, తాళంచెవి ఒక చేతిలో పట్టుకుని నడిచాడు. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. వరండాలో, దొర మరిచిపోయిన చోటనే, బూట్లు జతగా సర్ది పెట్టాడు. గడప అవతల చీకటి. చలి. ఏదో పొగాకు వాసన.

"మా తాత లేడు దొరా. మా నాయిన గూడ లేడు. నేనున్న... మస్తు అలిసిపోయిన." చెయ్యి చీకట్లోకి చాచాడు. "ఇగో. తీస్కో."

ఏ వేళ్ళూ తగల్లేదు. కానీ చేతిలో బరువు పోయింది. తాళంచెవి కిందపడిన చప్పుడు కూడా కాలేదు.

తలుపు మెల్లగా మూసుకుంది. లోపల నుంచి తాళం తిరిగింది. క్లిక్.

ముత్తయ్య తిరిగి వచ్చి, దుప్పటి ముసుగు పెట్టాడు. తల వాలిన మరుక్షణం గురక. తెల్లవార్లూ కూచున్న శంకరమ్మకు దొర భయం ఒకటైతే, ఆ గురక రెండోది. ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ వినని చప్పుడు అది.

పొద్దున ఎండెక్కాక సుధాకర్ జేసీబీతో వచ్చాడు. పగటిపూట ఆయన మంచి ధైర్యవంతుడు. ముందు తలుపు తోశాడు, రాలేదు. వెనక తలుపు తోశాడు, అదీ రాలేదు. జేసీబీ డ్రైవర్ సీట్లోనే నిలబడి పైకి చూస్తున్నాడు.

"పటేల్ సాబ్... లోపట ఎవరన్న ఉన్నరా?"

"ఎవరుంటర్రా? బకెట్ లేపు!"

డ్రైవర్ చెయ్యెత్తి పొగగొట్టం చూపించాడు. దానికి ఎప్పటి నుంచో పట్టిన తేనెతుట్టె ఉంది. తేనెటీగలన్నీ లేచి గుట్ట చుట్టూ తిరుగుతున్నాయి. పొగగొట్టం లోంచి సన్నగా, తెల్లగా, పొగ వస్తోంది.

డ్రైవర్ బండి ఆపేసి, దిగి, చాయ్ తాగి వస్తానని వెళ్ళాడు. చాయ్ కోసం ఎక్కడిదాకా పోయాడో ఇంతవరకు తెలియలేదు.

సుధాకర్ గుడిసె ముందుకు వచ్చాడు.

"ముత్తయ్యా! తాళంచెయ్యేది?"

దుప్పటి కదిలింది. "ఓనరుకిచ్చేసిన పటేలా."

"ఓనర్ను నేను గాదా?"

"నువ్వు గాదు." దుప్పటి లోపల పెద్ద ఆవలింత. "ఆయన లోపట్నే ఉన్నడు. పోయి పిలువు. మూడుసార్లు పిలవాలె... లేకపోతే పలకడు."

మళ్ళీ గురక.

సుధాకర్ పోయి తలుపు ముందు నిలబడ్డాడు. వరండాలో జత బూట్లు ఉన్నాయి. రాత్రి మంచు పడి అంతా తడిగా ఉంటే, అవి మాత్రం పొడిగా, నల్లగా, ఇప్పుడే పాలిష్ పెట్టినట్టు మెరుస్తున్నాయి.

"దొరా..." అన్నాడు.

లోపల ఏదో కుర్చీ జరిగినట్టయింది.

"దొ...రా..."

అడుగులు. టక్... టక్... తలుపు దాకా వచ్చి... ఆగాయి.

సుధాకర్ మూడోసారి పిలవలేదు. ఇప్పటిదాకా పిలవలేదు. వారానికోసారి కారులో వస్తాడు, తలుపు ముందు రెండుసార్లు పిలుస్తాడు, వెళ్ళిపోతాడు. బంగ్లా అట్లాగే ఉంది. ముత్తయ్య మోకాళ్ళు కాస్త నయమయ్యాయి.

రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయేది ఎవరో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే ఈమధ్య సుధాకర్ ఊళ్ళోకి వచ్చి ఎవరి పేరు పిలిచినా, ఎవరూ పలకడం లేదు.